రెల్లుగెడ్డవలస బడిలో రెండో టీచరు

సోమవారం పొద్దున్న పైడికుమారి టీచరు చేయాల్సిన పనులు ఇవి.

బడి తాళం తీయాలి. వరండాలో పడుకున్న మేకల్ని తోలి, అవి పెట్టిపోయినదంతా ఊడ్పించాలి. మరుగుదొడ్డికి నీళ్ళు పోయకముందు ఒక ఫొటో, పోసిన తరవాత ఒక ఫొటో తీసి ఫోనులో ఎక్కించాలి. పిల్లల హాజరు ఎక్కించాలి. తన ముఖం కూడా ఎక్కించాలి, దానికి సిగ్నలు దొరికేది వాటర్ ట్యాంకు మెట్ల మీద కాబట్టి ముందు తను ఎక్కాలి. వంటమనిషి పోలమ్మ గుడ్లు ఉడకేసేలోగా వాటి మీదున్న రంగుముద్ర ఈ వారానిదో కాదో చూడాలి. ఒకటో తరగతి చేత అక్షరాలు దిద్దించాలి. రెండుకి కూడికలు, మూడుకి ఎక్కాలు, నాలుగుకి మొక్క భాగాలు, ఐదుకి భిన్నాలు చెప్పాలి. ఇవన్నీ ఒకే గదిలో, ఒకే బోర్డు మీద, ఒకే నోటితో చెప్పాలి.

ఆ రోజు నుంచి వీటన్నిటికీ అడుగున ఇంకో పని చేరింది. లెక్కల్నీ సైన్సునీ కలపాలి.

కలపమన్న ఉత్తర్వు పైనుంచి వచ్చింది. పథకం పేరు గణవిజ్ఞాన సమ్మేళనం. "గణితమును విజ్ఞానమునకు దూరముగానూ, విజ్ఞానమును గణితమునకు దూరముగానూ ఉంచి బోధించు కాలం చెల్లిన పద్ధతికి ఇందుమూలముగా స్వస్తి పలకడమైనది. ఇకమీదట ప్రాథమిక తరగతులలో ఏ అంకెయూ ఒంటరిగా కనబడరాదు" అని ఉంది అందులో.

పైడికుమారి ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివింది. ఆవిడకి ఏ కాగితాన్నైనా శ్రద్ధగా చదవడమే అలవాటు. ఇంట్లో అంతకుముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. డిగ్రీ కాగితం ఇంటికొచ్చిన రోజున వాళ్ళ నాన్న దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "బాగుందమ్మా" అన్నాడు. అప్పట్నుంచి అచ్చులో ఉన్న మాటంటే ఆవిడకి గౌరవం. కలపమన్నారంటే కలిపితే మంచిదేననుకుంది.

శిక్షణ మండల కేంద్రంలో జరిగింది. జిల్లా సమన్వయకర్త విశ్వంభరరావుగారు స్వయంగా వచ్చారు. నీరుకావి రంగు జుబ్బా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో మైకు. మైకు లేకపోయినా హాలంతా వినిపించే గొంతు.

"ఎనిమిదిలోంచి మూడు పోతే ఎంత?" అని అడిగారాయన.

"ఐదు" అంది హాలు మొత్తం.

ఆయన బాధగా కళ్ళు మూసుకున్నారు. "చూశారా! ఎనిమిది ఏమిటని ఒక్కరూ అడగలేదు. అవి ప్రాణమున్నవా, లేనివా? ఎనిమిది మంచుముక్కల్లోంచి మూడు పోతే మిగిలేది ఐదు కాదు. చెప్పేలోపే కరిగిపోతాయి కాబట్టి నీళ్ళు. ఎనిమిది కోడిపిల్లల్లోంచి మూడు పోతే అవి ఏ జబ్బుతో పోయాయో తేల్చాలి. తేల్చకుండా ఐదు అనేస్తే అది జవాబే తప్ప జ్ఞానం కాదు."

టీచర్లందరూ 'నీళ్ళు' అని రాసుకున్నారు.

పైడికుమారికి ఉత్సాహం వచ్చి చెయ్యెత్తింది. "సార్, మా పిల్లలు పెరట్లో చిక్కుడు గింజలు పాతారండి. వారం వారం తాడు పెట్టి తీగ పొడుగు కొలుస్తారు. నీళ్ళు పోసినదెంత, పోయనిదెంత అని గోడ మీద గీతలు గీస్తారు. ఐదో తరగతి వాళ్ళకి భిన్నాలు దాంతోనే వచ్చేశాయండి. ఇదీ సమ్మేళనమేనాండి?"

"అది తోటపనమ్మా" అన్నారు విశ్వంభరరావుగారు ప్రేమగా. "సమ్మేళనానికి ఇద్దరుండాలి. గణిత బోధకులు ఒకరు, విజ్ఞాన బోధకులు ఒకరు. వారిద్దరూ కూర్చుని చర్చించాలి, అవగాహనకి రావాలి, ఆపైన కలవాలి. మీ బడిలో గణితం ఎవరు?"

"నేనేనండి."

"విజ్ఞానం?"

"అదీ నేనేనండి. మాది ఏకోపాధ్యాయ పాఠశాలండి. నేనొక్కదాన్నే."

"అక్కడే ఉంది మీ లోపం. వేరువేరుగా ఉన్నవాటినే కదమ్మా కలిపేది? అసలు విడిపోనివాటిని ఎలా కలుపుతారు? ముందు విడదీయండి."

హాలు చప్పట్లు కొట్టింది. పైడికుమారి కూడా కొట్టింది. ఇంటికొచ్చేదాకా ఆ మాటలో తప్పెక్కడుందో ఆవిడకి దొరకలేదు.

తప్పు దొరికేసరికి ఫోనులో సమ్మేళనం యాప్ వచ్చేసింది. అందులో గణిత బోధకుల పేరుకి ఒక గడి, విజ్ఞాన బోధకుల పేరుకి ఒక గడి. రెండింట్లోనూ తన పేరు రాస్తే, 'ఒకే వ్యక్తి ఇద్దరు కాజాలరు' అని ఎర్రక్షరాలతో తిరగ్గొట్టింది. రెండోది ఖాళీగా వదిలేస్తే, 'విజ్ఞానరహిత పాఠశాల. విలీనానికి అర్హమైనది' అంది.

ఆ విలీనమన్న మాటని ఆవిడ రెండుసార్లు చదివింది. విలీనమంటే రెల్లుగెడ్డవలస బడి మూసేసి పిల్లల్ని అవతలి ఊరి బడికి పంపడం. అవతలి ఊరికీ ఈ ఊరికీ మధ్య గెడ్డ. దాని మీద వంతెన లేదు. ఎండాకాలం మోకాళ్ళ లోతు, వానలు పడితే మనిషి లోతు. విలీనమైన రోజునే వానాకాలం చదువు అయిపోయినట్టు.

ఆవిడ బస్సెక్కి ఎంఈఓ దగ్గరికి వెళ్ళింది. ఎంఈఓ దాలినాయుడుగారు మండలంలో బడులన్నిటికీ పెద్ద. చెడ్డమనిషి కాదు. పదవీ విరమణ దగ్గరపడి, మిగిలిన రోజుల్లో ఏ ఫైలూ తన మీద పడకుండా ఉంటే చాలనుకునే మనిషి.

"ఇదేం పెద్ద సమస్యమ్మా?" అన్నారాయన. "నీ డిగ్రీ ఏ ఇంటిపేరుతో ఉంది?"

"పుట్టింటి పేరుతోనండి. గొర్లె పైడికుమారి."

"రేషన్ కార్డు?"

"అత్తింటి పేరుతోనండి. మజ్జి పైడికుమారి."

"మరింకేం? గొర్లెవారు లెక్కలు చెప్తారు. మజ్జివారు సైన్సు చెప్తారు."

"అది మోసం కదండీ?"

"మోసమంటే లేని మనిషిని ఉందనడం. నువ్వు ఉన్నావా, లేవా?"

"ఉన్నానండి."

"రెండు పేర్లూ నీవేనా, కాదా?"

"నావేనండి."

"ఉన్న పేర్లు రాయడానికి భయమెందుకు? ఈ చుట్టుపక్కల పైడి పేరు లేని గడప చూపించు. ఒక బడిలో ఇద్దరున్నారంటే ఎవరూ అనుమానపడరు. రాసి పంపు, బడి నిలబడుతుంది."

బడి నిలబడుతుందన్న మాటే ఆవిడ చెవినపడింది. ట్యాంకు మెట్లెక్కి రెండు గడులూ నింపింది. యాప్ ఆకుపచ్చగా మారి, 'అభినందనలు. మీ పాఠశాల విభజన పూర్తయినది. ఇక సమ్మేళనం ప్రారంభించవచ్చును' అంది.

ఇంట్లో ఈ సంగతి చెబితే భర్త సత్యంనాయుడు ఆటో తుడుస్తున్నవాడల్లా ఆగి నవ్వాడు. "అంటే లెక్కలన్నీ మీ పుట్టింటివి, సైన్సు మాదీ అన్నమాట. నాకు ముందే తెలుసు. మీవాళ్ళు ఏదైనా లెక్క చూసుకునే మాటాడతారు."

"నవ్వకండి. ఫొటోలు పెట్టాలంట."

ఫొటోల నిబంధన నిజానికి తేలికే అయింది. గణిత బోధకులు చెబుతున్నప్పుడు విజ్ఞాన బోధకులు ఫొటో తీయాలి, విజ్ఞానంవారు చెబుతున్నప్పుడు గణితంవారు తీయాలి. ఇద్దరూ ఒకే ఫొటోలో ఉండాలని ఎక్కడా లేదు. ఫోను కిటికీలో ఇరికించి, గొర్లె టీచరుగా ఉన్నప్పుడు కొంగు నడుముకి చుట్టి బోర్డుకి ఎడమపక్క నిలబడేది. మజ్జి టీచరుగా ఉన్నప్పుడు కొంగు భుజం మీదుగా కప్పుకుని, సంతలో కొన్న కళ్ళజోడు పెట్టుకుని కుడిపక్క నిలబడేది.

పెద్దపిల్లలు దీన్నొక ఆటగా తీసుకున్నారు. చిన్నపిల్లలు నిజంగానే తీసుకున్నారు. రెండో తరగతి ఢిల్లీశ్వరి ఒకరోజు పలక పట్టుకుని వచ్చింది.

"టీచరూ, నాను ఈ లెక్క మజ్జి టీచరుకి సూపిత్తాను."

"ఏమ్మా, నేను చూస్తే కాదా?"

"నువ్వు గొర్లె టీచరివి గదా, తప్పయితే సెవి మెలేత్తావు. మజ్జి టీచరు మెలెయ్యదు."

పైడికుమారి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. లెక్క తప్పే. చెవి మెలెయ్యలేదు.

నెలనెలా ఇద్దరు బోధకులూ సమన్వయ సమావేశం జరిపి, అందులో ఏమి మాట్లాడుకున్నదీ రాసి పంపాలి. సాక్షి సంతకం ఉండాలి. సాక్షిగా పోలమ్మ వేలిముద్ర వేసేది.

"ఏటి మాటాడుకున్నారమ్మా మీరిద్దరూ?" అని అడిగేదామె వేలు చాచి.

"చిక్కుడు తీగలు కొలుద్దామా అని గొర్లె టీచరు అడిగింది. కొలుద్దామని మజ్జి టీచరు అంది."

"మంచోలే ఇద్దరూనూ. మా తోటికోడలూ నానూ ఒక్కనాడూ అలగ కుదర్నేదు."

పోలమ్మకి నచ్చిన ఆ పొత్తు జిల్లా కార్యాలయానికి నచ్చలేదు. "మీ పాఠశాల సమావేశములందు ఇరుపక్షములూ ప్రతిసారీ ఏకాభిప్రాయము వ్యక్తపరచుచున్నవి. దీనినిబట్టి చర్చ లోతుగా జరుగుట లేదని భావించవలసి వచ్చుచున్నది. భిన్నాభిప్రాయము లేనిచో సమ్మేళనమునకు అవకాశమెక్కడ?" అని మెమో వచ్చింది.

పైడికుమారి మరుసటి నెల ఓ చిన్న అభిప్రాయభేదం రాసింది. తీగని జానలతో కొలవాలని గొర్లెవారు, స్కేలుతో కొలవాలని మజ్జివారు. రాస్తున్నప్పుడు ఆవిడకి కొంచెం తమాషాగానే ఉంది. జానలైతే చిన్నపిల్లలకి అందుతాయి, స్కేలైతే పెద్దపిల్లలకి పనికొస్తుంది. రెండు వైపులా న్యాయం ఉందనిపించింది.

వారం తిరక్కుండానే దాలినాయుడుగారు జీపులో దిగారు. ఆయన మొహం వాడిపోయి ఉంది.

"ఏమ్మా ఇది? ఇద్దరు ఉపాధ్యాయినుల మధ్య తీవ్ర విభేదాలు, వెంటనే రాజీ కుదర్చమని నామీదికి పంపించారు."

"రాయమంటే రాశానండి."

"సర్లే. విధానం ప్రకారం ఇరుపక్షాల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. కుర్చీలు వేయించు."

కుర్చీలు వేశారు. ఒకదాంట్లో పైడికుమారి కూర్చుంది. రెండోది ఖాళీ. దాలినాయుడుగారు గొంతు సవరించుకుని ముందు ఆవిడవైపు, తరవాత ఖాళీ కుర్చీవైపు తిరిగి, "చూడండమ్మా, మీరిద్దరూ చదువుకున్నవారు. పిల్లల భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది. పంతాలకి పోకండి. మజ్జివారూ, మీరు చిన్నవారు, కొంచెం తగ్గండి" అన్నారు.

పైడికుమారి లేచి రెండో కుర్చీలోకి మారి కళ్ళజోడు పెట్టుకుంది. "తగ్గుతానండి" అంది.

"అయితే జానలేనా?"

"చిన్నపిల్లలకి జానలు. పెద్దవాళ్ళకి స్కేలండి."

"గొర్లెవారు ఒప్పుకుంటారా?"

ఆవిడ మళ్ళీ మొదటి కుర్చీలోకి మారి కళ్ళజోడు తీసింది. "ఒప్పుకున్నానండి."

దాలినాయుడుగారు నుదుటి చెమట తుడుచుకున్నారు. నిజంగానే ఒక తగువు తీర్చినవాడి తృప్తి ఆయన మొహంలో కనిపించింది. పోలమ్మ ముగ్గురికని టీ తెచ్చింది. మజ్జివారి టీ కూడా ఆయనే తాగారు.

ఆ రాజీపత్రంతో రెల్లుగెడ్డవలస బడి జిల్లాలో పేరుకెక్కింది. విభేదించి, చర్చించి, రాజీపడి కలిసిన బడి మరొకటి లేదు. మిగతాచోట్ల లెక్కల మాస్టారూ సైన్సు మాస్టారూ నిజంగానే ఇద్దరు కావడంతో కలిసింది లేదు. 'సంపూర్ణ సమ్మేళన పాఠశాల'గా ప్రకటించడానికి విశ్వంభరరావుగారే బయల్దేరి వచ్చారు. పోలమ్మ చేత ముగ్గు వేయించారు. ముగ్గులో చుక్కలు లెక్కా, పిండి సైన్సూ అని ఆయన మెచ్చుకున్నారు.

"గొర్లెవారు మీరే కదమ్మా? మజ్జివారేరీ?"

పైడికుమారికి ఆ క్షణాన ఇక చాలనిపించింది. ఇన్నాళ్ళూ కాగితం మీద రాసింది వేరు. ఎదురుగా మనిషి నిలబడి అడుగుతుంటే, పిల్లలందరూ చూస్తుండగా అబద్ధం చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.

"మజ్జి పైడికుమారి కూడా నేనేనండి" అంది.

సమన్వయకర్త వెంట వచ్చి పక్కన నిలబడ్డ దాలినాయుడుగారు కళ్ళు మూసుకున్నారు.

విశ్వంభరరావుగారు కదలకుండా నిలబడిపోయారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "మళ్ళీ అనండమ్మా."

"ఆవిడా నేనూ వేరు కాదండి. ఇద్దరం ఒక్కరమేనండి."

"రాసుకోండయ్యా!" అని ఆయన తన వెంట వచ్చినవాళ్ళ మీద అరిచారు. "ఎన్ని బడులు తిరిగాను! ఎన్ని ఉపన్యాసాలిచ్చాను! ఎక్కడా ఒక్కరికీ ఈ స్థితి అందలేదు. గణితానికీ విజ్ఞానానికీ మధ్య గోడ కూలిపోయిందయ్యా ఈవిడలో! ఆవిడా నేనూ వేరు కాదంటోంది! సమ్మేళనమంటే ఇదీ!"

"సార్, నేను చెప్పేది అది కాదండి. నిజంగానే ఇక్కడ ఒక్కదాన్నే..."

"తెలుసమ్మా, తెలుసు. ఇంక మాటలొద్దు. మాటల్లో పెడితే పలచనైపోతుంది."

శాలువా కప్పారు. ఒకటే తెచ్చారు. ఇద్దరికీ అదే చాలన్నారు.

శాలువా వచ్చిన నెలకి ఉత్తర్వు వచ్చింది. "రెల్లుగెడ్డవలస ప్రాథమిక పాఠశాలలో గణిత, విజ్ఞాన బోధకులిద్దరూ ఒక్కరే అన్నంతగా ఏకమైనట్లు సమన్వయకర్తగారి నివేదిక ద్వారా రుజువైనది. ఒక్కరు చేయగల పనికి ఇద్దరిని నియోగించుట ప్రజాధనమును దుర్వినియోగపరచుటయే. కావున గొర్లె పైడికుమారిగారిని మిగులు ఉపాధ్యాయినిగా పరిగణించి గుమ్మడిగెడ్డ పాఠశాలకు బదిలీ చేయడమైనది. తమ బాధ్యతలను మజ్జి పైడికుమారిగారికి అప్పగించి తక్షణమే చేరవలెను."

ఊరు బడి ముందు చేరింది. అందరికీ టీచరు ఒక్కతేనని తెలుసు. తెలిసినా, కాగితంలో ఇద్దరున్నారంటే ఏదో ఒక మూల ఆశ. ఢిల్లీశ్వరి తాత ముందుకొచ్చి దండం పెట్టాడు. "అమ్మా, నువ్వు ఎల్లిపోతే ఎల్లిపో, గవుర్మెంటోలకి ఎదురెల్లమని మేం సెప్పం. ఆ రెండో ఆవిణ్ణయినా మాకొగ్గేసి ఎల్లు."

సత్యంనాయుడు ఈసారి నవ్వలేదు. "మా ఇంటిపేరుగలావిడ ఇక్కడే ఉంటాది కదా, ఇంట్లో నాకు ఇబ్బంది లేదనుకోనా?" అన్నాడు. తుడిచిన ఆటోనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

పైడికుమారి జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. విశ్వంభరరావుగారు లేచి నిలబడి ఆహ్వానించారు. సమ్మేళనం సాధించిన మనిషంటే ఆయనకి ఇప్పుడు గురుభావం.

"సార్, నేను వెళ్ళిపోతే బడిలో ఎవరూ ఉండరండి."

"మజ్జివారున్నారు కదమ్మా."

"ఆవిడ నేనేనండి."

"అది మీ సంస్కారం. నా నివేదికలో ఆ మాట ఎర్రసిరాతో రాశాను. కానీ తల్లీ, అది అనుభూతి. ఇది పరిపాలన. అనుభూతిలో ఇద్దరూ ఒకటే కావచ్చు. పరిపాలనలో ఒకరు గుమ్మడిగెడ్డ వెళ్ళాల్సిందే."

"జీతం ఒక్కరికే వస్తోందండి. జీతాల శాఖని అడగండి."

"జీతాల శాఖతో మాకింకా సమ్మేళనం కాలేదమ్మా."

"పోనీ, మజ్జి పైడికుమారి అనే టీచరు లేదని రాసిస్తానండి. ఏ శిక్ష వేసినా పడతాను. బడికి ఒక టీచరుని పంపించండి."

ఆయన ఆలోచించారు. అన్యాయం చేసే మనిషి కాదు, నిబంధనల పుస్తకం తీశారు. "ఒక ఉద్యోగి గురించి ఇంకో ఉద్యోగి చెబితే అది ఫిర్యాదవుతుంది. ఒక ఉద్యోగి లేరని తేల్చాలంటే ఆ ఉద్యోగి వాంగ్మూలం తీసుకోవాలి. మజ్జివారు స్వయంగా ఇక్కడికి వచ్చి, తాను లేనని చెప్పి, సంతకం పెట్టాలి."

"వస్తే ఉన్నట్టు కదండీ?"

"అవును."

"రాకపోతే?"

"రాకపోతే గైర్హాజరు. దానికీ ముందు ఉండాలి."

పైడికుమారి చదివిన చదువులో ఎక్కడా ఈ లెక్కకి జవాబు లేదు. చివరికి, "ఆ పిల్లలు ఏమైపోతారండి?" అంది.

"మజ్జివారి చేతుల్లో పెట్టాం. నాకు నమ్మకముంది" అన్నారాయన. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నారు.

అప్పగింత జరిగింది. బీరువా తాళాలు, బోర్డు, గ్లోబు, గుడ్ల అట్టలు. ఇచ్చినవారు గొర్లె పైడికుమారి, పుచ్చుకున్నవారు మజ్జి పైడికుమారి. సాక్షి పోలమ్మ. వేలిముద్ర వేసి, ఆ వేలు చీరకి తుడుచుకుని, పోలమ్మ వంటగదిలోకి పోయింది. బయటికి రాలేదు.

ఢిల్లీశ్వరి మాత్రం ఏడవలేదు. "గొర్లె టీచరూ, నువ్వు సుబ్బరంగా ఎల్లిరా. రేపు మజ్జి టీచరు వత్తాది గదా?" అంది.

పైడికుమారి నోరు తెరిచింది. నోటితో ఎప్పుడూ ఆ పిల్లకి అబద్ధం చెప్పలేదు. "రేపు రాదమ్మా" అంది. కళ్ళజోడు సంచిలో వేసుకుని, "ఆదివారం వస్తుంది" అంది.

గుమ్మడిగెడ్డ బడిలో అప్పటికే ఇద్దరు ఉన్నారు. హెడ్మాస్టరుగారు ఆవిడని చూసి ముందు సంతోషించి, ఆ వెంటనే భయపడ్డారు. "మీరు గణితం పోస్టులో వచ్చారు. దయచేసి సైన్సు ముట్టుకోకండి. ముట్టుకుంటే రెండూ కలిసిపోతాయి. కలిస్తే మాలో ఒకరు మిగులైపోతారు. నాకు ఇద్దరాడపిల్లలమ్మా." ఆవిడ ముట్టుకోలేదు. ఒక పిల్లాడు కిటికీలోంచి చూసి వాన ఎందుకు పడుతుందని అడిగితే, సైన్సు సారుని అడగమని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు ఆవిడకి అన్నం సయించలేదు.

రెల్లుగెడ్డవలసలో ఆరు రోజులు పోలమ్మే తాళం తీసేది. పిల్లలు వచ్చేవాళ్ళు. ఐదో తరగతి ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేది, అన్నం తిని ఇళ్ళకి పోయేవాళ్ళు. ఆదివారం తెల్లారగానే సత్యంనాయుడు ఆటోలోంచి మజ్జి టీచరు కళ్ళజోడు పెట్టుకుని దిగేది. ఒకటి నుంచి ఐదు దాకా వారం చదువంతా ఆ ఒక్కరోజులో చెప్పేది. లెక్కలూ చెప్పేది, సైన్సూ చెప్పేది. ఆదివారం కలిపినా విడదీసినా అడిగే యాప్ లేదు. పిల్లలు పెరట్లో తీగలు కొలిచేవాళ్ళు, కాయలు కోసి పంచుకునేవాళ్ళు, పంచగా మిగిలినవాటి గురించి కొట్లాడుకునేవాళ్ళు. ఆ కొట్లాటలోంచి భాగహారం వచ్చేది.

కొన్నాళ్ళకి మజ్జి పైడికుమారిగారి పేర మెమో వచ్చింది. పనిదినములందు ఎడతెగక గైర్హాజరగుట ఒక అభియోగం. సెలవుదినములందు అనుమతి లేక పాఠశాల తెరచి బోధించుట రెండో అభియోగం. మొదటిదానికంటె రెండోది తీవ్రమైనదని కింద గీత గీసి ఉంది. విచారణాధికారి దాలినాయుడుగారు. ఆయన ఆ ఫైలుని రోజూ బల్ల మీద ఎడమపక్క నుంచి కుడిపక్కకి మార్చి, సాయంత్రం మళ్ళీ ఎడమపక్కకి మారుస్తున్నారు. విచారణ ముగిస్తే ఆవిడ పోస్టు పోతుంది, పోస్టు పోతే బడి గెడ్డ దాటుతుంది. ఆయన ఉద్యోగజీవితంలో కావాలని ఆలస్యం చేసిన ఫైలు అదొక్కటే. మిగతావి వాటంతటవే ఆలస్యమయ్యాయి. కానీ వచ్చే వేసవికి ఆయన దిగిపోతారు.

ఇది చదివినవారిని కోరేది ఒక్కటే. గొర్లె పైడికుమారిగారి గురించి బెంగ లేదు. ఆవిడకి శాలువా ఉంది, పోస్టు ఉంది, నెల తిరిగితే జీతముంది. మజ్జి పైడికుమారిని మాత్రం మర్చిపోకండి. ఆవిడకి జీతం లేదు, ఆదివారం తప్ప రోజు లేదు, ఉన్నానని చెప్పుకునే హక్కు లేదు, లేనని చెప్పుకునే వీలూ లేదు. పైకార్యాలయాల్లో మీకు తెలిసినవారు ఎవరైనా ఉంటే, ఏదో మాటల సందర్భంలో ఆవిడ పేరు ఒకసారి తలవండి. రెల్లుగెడ్డవలస పిల్లలకి ఉన్న టీచరు ఆవిడొక్కతే.